అప్‌డేట్ పగలే పెట్టండి

శ్రోతలకు నమస్కారం.

ఫోను తెర మీద ఓ గుర్తు వస్తుంది. కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసుకుంటారా అని అడుగుతుంది. కొందరు చదవకుండానే సరే నొక్కేస్తారు. కొందరు ఆర్నెల్లపాటు పక్కకు తోస్తూనే ఉంటారు. ఈ నాలుగు మాటలూ ఇద్దరికీ పనికొస్తాయి.

వచ్చేవి రెండు రకాలు. అప్పుడప్పుడూ వచ్చే చిన్నవి భద్రత కోసం, వాటిని వాయిదా వేయకండి. ఏడాదికోసారి వచ్చేది పెద్దది. ఆండ్రాయిడ్ 16 అలాంటిదే. 2025 జూన్‌లో మొదలై, కంపెనీని బట్టి ఒక్కో ఫోనుకు ఒక్కో నెలలో చేరుతూ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్ అంకె 18 నుంచి ఏకంగా 26కి దూకింది. మధ్యలో ఏవో తప్పిపోయాయని కంగారు పడక్కర్లేదు, రాబోయే 2026ను బట్టి అంకె పెట్టారు, అంతే.

అప్‌డేట్ పెడితే ఫోను పాడైపోతుందన్న భయం పాతకాలానిది. మన కాలువలకు మరమ్మతు చేయాలంటే వేసవిలో నీళ్లు కట్టేస్తారు కదా. పాత ఫోన్లలో అప్‌డేట్ కూడా అంతే, పని ఆపి చేయాల్సిందే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి వేరే పద్ధతి మొదలైంది. పారే కాలువను పారనిచ్చి, పక్కన ఇంకో కాలువ తవ్వి, అంతా అయ్యాక లాకు తిప్పి నీటిని అందులోకి మళ్లించినట్టు. కొత్తది సరిగ్గా లేవకపోతే ఫోను పాతదానికే తిరిగిపోతుంది. చాలా ఫోన్లలో ఇప్పుడు ఇదే పద్ధతి. కాకపోతే పక్క కాలువకు జాగా కావాలి. ఓ 8, 10 జీబీ ఖాళీ ఉంచండి. జాగా ఎక్కడ దొరుకుతుందంటారా? వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం పువ్వులన్నీ అక్కడే పేరుకుని ఉంటాయి.

అసలు ఇబ్బంది అప్‌డేట్‌లో లేదు. ఆ తరువాత ఫోను ఆగి మళ్లీ లేస్తుంది చూడండి, అక్కడుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి దగ్గరో ఆకివీడు దగ్గరో 2 ఎకరాల రొయ్యల చెరువు అనుకుందాం. కల్చర్, అంటే రొయ్యపిల్లలను వదిలి పెంచే పంట, 70 రోజులు దాటింది. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా రొయ్యలతో పోటీగా ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజాముకి నీటిలో డీవో, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, అడుగంటుతుంది. నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరగాల్సింది సరిగ్గా అప్పుడే. కరెంటు పోతే వాటి మోటార్ల స్టార్టరు పెట్టెలోని సిమ్ము రైతుకు ఫోన్ చేస్తుంది. కొందరికైతే యాప్‌లో అలారం మోగుతుంది. రైతు లేచి జనరేటరు వేస్తాడు. ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలిపోతాయి.

ఆ రైతు పడుకునే ముందు ఫోను ఛార్జింగుకు పెట్టి, అప్‌డేట్ రాత్రికి పెట్టమని నొక్కాడు. ఏ 2 గంటలకో ఫోను తనంతట తాను ఆగి లేచింది. పైకి అంతా మామూలే. టైము కనిపిస్తోంది, సిగ్నలూ ఉంది. కానీ లోపల తాళం అలాగే ఉంది. ఫోటోలు, పేర్లు, యాప్‌ల సమాచారం అంతా మన పిన్ కొడితేనే విప్పుకునేలా భద్రపరిచి ఉంటుంది. పిన్ కొట్టేదాకా ఫోను వీధి అరుగు మీదే ఉన్నట్టు లెక్క, ఇంట్లోకి వెళ్లలేదు. కాల్ వస్తే మోగుతుంది, కానీ పేరు కనపడదు, ఉట్టి నంబరే. ఫోనుతో పాటు వచ్చిన గడియారం అలారం మోగుతుంది. వాట్సాప్ లేవదు, ఏరియేటర్ యాప్ కూడా లేవదు. తెల్లవారుజామున 3.30కి ముక్కూముఖం తెలియని నంబరు మోగితే, ఎవడో లోన్ వాడని కట్ చేసి పడుకోమూ?

కొన్ని కొత్త ఫోన్లలో అప్‌డేట్ తరువాత ఈ తాళం దానంతటదే తీసుకునే ఏర్పాటుంది. దాన్ని నమ్ముకుని చెరువు వదిలేయకండి. ఐఫోన్‌లోనూ పిన్ కొట్టేదాకా లోపలి తాళం ఉంటుంది.

అందుకని అప్‌డేట్ పగలే పెట్టండి. మేత వేసి వచ్చి, మధ్యాహ్నం భోజనం వేళ పెట్టండి. సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపల ఆటో అనో ఓవర్‌నైట్ అనో మీట ఉంటే, రొయ్యల పట్టుబడి అయ్యేదాకా దాన్ని ఆపేయండి. పగలే పెట్టండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు అప్‌డేట్ అంటే మాత్రం రాత్రీ వద్దు, పగలూ వద్దు. అప్‌డేట్ సెట్టింగ్స్‌లోంచే రావాలి.

పెట్టే ముందు ఇంకో మాట. ఏడాదిగా వేలిముద్రతోనే తెరుస్తున్నారా? ఫోను ఆగి లేచాక మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పిన్ అడుగుతుంది. అది మరచిపోతే చాలావరకు ఫోను మొత్తం తుడిచేయడం తప్ప దారి ఉండదు, వేరేచోట దాచుకోని ఫోటోలు దాంతో పాటే. కాబట్టి ముందురోజే ఒకసారి పిన్‌తో తెరిచి చూసుకోండి. సిమ్ములో రీఛార్జి కూడా ఉండాలి. డబ్బు పంపే యాప్‌లు ఒక్కోసారి నంబరు మళ్లీ సరిచూస్తాయి, అందుకు మన సిమ్ము నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి.

తరువాత రెండు రోజులు ఫోను వేడెక్కవచ్చు, ఛార్జింగ్ తొందరగా దిగవచ్చు. లోపల యాప్‌లన్నీ సర్దుకుంటుంటాయి. అప్పుడే బ్యాటరీ మార్పించడానికి పరుగెత్తకండి.

ఇక ఏరియేటర్ యాప్ సంగతి. రెండు కల్చర్ల మధ్య నెలల తరబడి దాన్ని తెరవరు కదా. వాడని యాప్‌ను ఆండ్రాయిడ్ నిద్రపుచ్చుతుంది, ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకుంటుంది. యాప్ గుర్తును నొక్కి పట్టుకుంటే యాప్ ఇన్ఫో వస్తుంది. అందులో, వాడకపోతే యాప్‌ను ఆపు అన్న అర్థంతో ఉండే మీటను తీసేయండి. అక్కడే బ్యాటరీ అన్నచోట అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. స్టార్టరు పెట్టెలోని సిమ్ము నంబరు ఓ అట్టముక్క మీద పెద్ద అంకెలతో రాసి మంచం పక్కన గోడకు కట్టండి. పేరు కనపడని రాత్రి అదే దిక్కు.

అన్నీ అయ్యాక, ఇంకా వెలుగుండగానే గట్టు మీదికెళ్లి కరెంటు మెయిన్ స్విచ్ ఒకసారి దించండి. ఫోను మోగాలి. మోగితే మెయిన్ మళ్లీ ఎత్తేయండి. మోగకపోతే మెయిన్ ఎత్తి, ఆ రాత్రికి కాపలా మనిషిని జనరేటరు పక్కనే పడుకోమనండి. నమస్కారం.