మాత్ర, బియ్యం, మాట: బర్మా రంగంలో జనరల్ స్లిమ్

అందరికీ నమస్కారం.

సైనిక నాయకత్వం గురించి మాట్లాడమంటే అలెగ్జాండర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు చెప్పుకుంటూ రావచ్చు. నేను మాత్రం ఇవాళ ఒక్క మనిషి గురించే చెప్పదలచుకున్నాను. ఆయన బ్రిటిష్ జనరల్ విలియం స్లిమ్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన పద్నాలుగో సైన్యాన్ని నడిపినవారు. ఆ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. అయినా మన దగ్గర ఆయన పేరు పెద్దగా వినపడదు.

బర్మా మన పెద్దలకు కొత్త చోటేమీ కాదు. కాకినాడ, విశాఖ వైపు నుంచి ఓడెక్కి రంగూన్ చేరి, రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకుని బతికిన తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. లక్షల మంది భారతీయులు పిల్లాజెల్లాతో కాలినడకన ఇంటిదారి పట్టారు. కొందరు బర్మా పడమటి తీరాన ఉన్న అరకాన్ మీదుగా, కొందరు చింద్విన్ నది దాటి మణిపూర్ మీదుగా. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ కాందిశీకులు నడిచిన దారుల్లోనే ఓడిన సైన్యం కూడా వెనక్కి వస్తోంది. ఆ మార్చిలోనే స్లిమ్‌కు దాని పగ్గాలు అప్పగించారు. చేతికొచ్చింది అప్పటికే చితికిపోయిన సైన్యం.

ఆయన పెద్దింటి బిడ్డ కాదు. కొన్నాళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పారు, కొన్నాళ్లు ఒక కంపెనీలో గుమాస్తాగా చేశారు. 1914లో యుద్ధం రాకపోతే అసలు సైన్యంలో చేరేవారే కాదేమో. గల్లిపోలిలో గాయపడ్డారు. తర్వాత భారత సైన్యానికి మారి గూర్ఖా పటాలంలో పనిచేశారు.

1942లో బర్మా నుంచి ఆ సైన్యం వేసింది దాదాపు 900 మైళ్ల వెనకడుగు. దారిలో యెనాన్‌జ్యాంగ్ చమురు బావుల్ని తామే పేల్చేసుకుని రావలసి వచ్చింది. వానలు మొదలవుతుండగా మే నెలలో సైన్యం ఇంఫాల్ చేరింది. స్లిమ్ దారి పక్కన నిలబడి చివరి దళాలు రావడం చూశారు. ఒంటి మీద చిరిగిన గుడ్డలు, ఎముకల గూళ్లలాంటి మనుషులు. కానీ ఎవరి తుపాకీ వాళ్ల చేతిలోనే ఉంది, వరస చెదరలేదు. ఆయన సెలవు తీసుకోవడానికి వెళ్తే ఆ మనుషులే జేజేలు కొట్టారు. గెలిపించిన నాయకుడికి ఎవరైనా జై కొడతారు. వరసగా ఓడిన మనిషికి ఎందుకు కొట్టారన్నదే నన్ను ఎప్పటినుంచో పట్టుకున్న ప్రశ్న. నాకు దొరికిన జవాబు ఆయన తర్వాతి ఏళ్లలో చేసిన పనుల్లో ఉంది.

1943 చివర్లో పద్నాలుగో సైన్యం బాధ్యత చేపట్టేనాటికి ఆయన ముందున్న లెక్క ఇది: గాయపడి ఆసుపత్రికి వెళ్లేవాడు ఒక్కడైతే, జబ్బుపడి వెళ్లేవాళ్లు 120 మంది. మొత్తం సైన్యంలో ఏడాదికి నూటికి 84 మలేరియా కేసులు. అంటే జపాన్ కన్నా ముందు దోమే ఈ సైన్యాన్ని ఓడిస్తోంది. జ్వరమొచ్చిన సిపాయిని వందల మైళ్ల వెనక్కి, ఇండియాకు పంపితే నెలల తరబడి తిరిగొచ్చేవాడు కాదు. స్లిమ్ వైద్యాన్నే ముందుకు తెచ్చారు. యుద్ధరంగానికి కొద్ది మైళ్ల వెనకే చికిత్స కేంద్రాలు పెట్టారు, మూడు వారాల్లో మనిషి తన దళానికి తిరిగొచ్చేవాడు. పొద్దుగూకేసరికి చొక్కా చేతులు కిందికి దించాలన్నారు. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్ర వేసుకోవాలన్నారు. అది వేసుకుంటే మగతనం పోతుందని సిపాయిల్లో పుకారు, అందుకని చాటుగా ఉమ్మేసేవాళ్లు. అప్పుడాయన ఏం చేశారో చూడండి. చెప్పాపెట్టకుండా ఒక దళానికి వెళ్లి అందరికీ రక్తపరీక్ష చేయించేవారు. నూటికి కనీసం 95 మందిలోనైనా మందు కనపడకపోతే సిపాయిని ఏమీ అనేవారు కాదు, ఆ దళాధిపతి ఉద్యోగం తీసేసేవారు. ముగ్గురిని తీసేసేసరికి మిగతావాళ్లకు విషయం అర్థమైంది. 1945 నాటికి రోజుకు వెయ్యిమందిలో ఒక్కరే జబ్బుపడే స్థితికి వచ్చింది.

ముందు వరసలో ఏ దళానికైనా సగం రేషన్ అందుతోందంటే, తన కేంద్ర కార్యాలయంలో తనతో సహా అందరికీ సగం రేషనే పెట్టించేవారు. దీంతో ఆహారం పెద్దగా మిగలదు. కానీ సరఫరా అధికారులకు ముందు వరసలోని ఆకలి కడుపులో తెలిసేది. విమానాల నుంచి సరుకులు జారవిడిచే పారాచూట్లకు గుడ్డ దొరకకపోతే కలకత్తా జనపనారతో చేయించారు. మామూలు పారాచూట్‌కు 20 పౌండ్లు దాటితే, దీనికి ఒక పౌండు పైచిలుకు.

ఇక 1944 మార్చి. జపాన్ జనరల్ ముతగుచి ఇంఫాల్, కోహిమాల మీదికి సుమారు 85 వేల మందితో బయల్దేరారు. స్లిమ్ ఎదురు వెళ్లలేదు. శత్రువు కొండలు దాటి అలిసి వస్తాడు, మనం మన గోదాముల దగ్గరే నిలబడి కొడదాం అనుకున్నారు. ఆలోచన మంచిదే, అమలులో తడబడ్డారు. దూరాన టిడ్డిం దగ్గరున్న పదిహేడో డివిజన్‌ను ఎప్పుడు వెనక్కి రప్పించాలో తాను తేల్చకుండా కింది అధికారులకు వదిలేశారు. ఆలస్యమైంది, ఆ డివిజన్ దారి పొడవునా అడ్డంకుల మీద పోరాడుతూ రావలసి వచ్చింది. కోహిమాకు ఒక రెజిమెంట్ వస్తుందనుకుంటే ఏకంగా డివిజన్ వచ్చి పడింది. అక్కడ పోరాడగలిగినవాళ్లు 1,500 మంది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఈ గట్టున వీళ్లు, ఆ గట్టున వాళ్లు కందకాల్లో కూర్చుని గ్రెనేడ్లు విసురుకున్నారు. అరకాన్ నుంచి ఐదో డివిజన్‌ను విమానాల్లో తరలించి స్లిమ్ గండం గట్టెక్కారు. ఈ రెండు పొరపాట్లూ తనవేనని యుద్ధం తర్వాత తన పుస్తకంలో తానే రాసుకున్నారు.

అవతల ముతగుచి సిపాయిలకు ఇచ్చింది మూడు వారాల తిండి, వెంట తోలుకెళ్లే పశువులు. మిగతాది ఇంఫాల్ గోదాములు పట్టుకుని తింటారట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంఫాల్ దొరకలేదు, వానలొచ్చాయి. కోహిమా దగ్గరున్న జపాన్ డివిజన్ అధిపతి సాటో, తిండి లేక మనుషులు చస్తుంటే చూడలేక, అనుమతి లేకుండానే తన డివిజన్‌ను వెనక్కి మళ్లించారు. ముతగుచి తన ముగ్గురు డివిజన్ అధిపతుల్నీ తొలగించారు. స్లిమ్ ముగ్గుర్ని తీసేశారు, ఈయనా ముగ్గుర్ని తీసేశారు. మొదటివాళ్లు సిపాయి ఒంటిని పట్టించుకోనందుకు పోయారు, సాటో పట్టించుకున్నందుకు పోయారు. నా మట్టుకు నాకు నాయకత్వం గురించిన పుస్తకాలన్నిటికన్నా ఈ తేడా ఎక్కువ చెబుతుంది.

ఆ కొండల్లో ఆకలితో, జబ్బులతో పోయినవాళ్లలో ఆజాద్ హింద్ ఫౌజ్ సిపాయిలూ ఉన్నారు. మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేసింది వాళ్లే. స్లిమ్ సామ్రాజ్యం తరఫున పోరాడిన మనిషి. మన స్వాతంత్ర్యం కోసం వచ్చినవాళ్లు అవతలి వైపున ఉన్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. రెండు వైపులా మనవాళ్లే.

1944 చివర్లో స్లిమ్ సైన్యం మళ్లీ చింద్విన్ దాటింది, తర్వాతి ఏడాది ఇరావతి దాటింది. మాండలే వైపు వెళ్తున్నట్టు నమ్మించి మార్చి మొదట్లో మెయిక్తిలా పట్టుకుంది. మే నెలలో రంగూన్ దాపుకు చేరింది. ఆ వెంటనే పై అధికారి లీస్ ఆయనను ఆ సైన్యం నుంచి తప్పిస్తున్నట్టు చెప్పారు. కబురు తెలిసి అధికారుల్లో పెద్ద అలజడి రేగింది, లండన్ దాకా పాకింది. చివరికి పదవి పోయింది లీస్‌కే. ఆ కుర్చీలోకి వచ్చింది స్లిమ్.

ఇక మీ ప్రశ్నలు అడగండి.