వంతెన తెరుచుకుంటే విసుక్కోకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేరుగా కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో, విల్లెమ్‌స్టాడ్ రేవులో దిగుదాం. క్రూయిజ్‌లో వెళ్లినవాళ్లు ఓడ దిగీదిగగానే టూరు బస్సెక్కేస్తారు. నా గొడవంతా ఆ బస్సుతోనే. ఈ ఊరు కాలినడకన చూడాల్సింది.

ఓడ ఆగేది ఓట్రోబాండా వైపు. రిఫ్ కోట మీదుగా ఓ పావుగంట నడిస్తే క్వీన్ ఎమ్మా వంతెన వస్తుంది. దాటితే పాత ఊరు పుండా. 1888లో మొదట కట్టిన ఈ వంతెనకు నీళ్లలో స్తంభాలుండవు, వరసగా కట్టిన పడవల మీద తేలుతుంది. పొడవు 167 మీటర్లు. రేవులోకి ఓడ రావాలంటే గంట మోగుతుంది, గేట్లు పడతాయి. ఓట్రోబాండా కొసన బందు మీద తిరుగుతూ, డీజిల్ ఇంజన్లు తోస్తుంటే, తలుపు తీసినట్టు మొత్తం వంతెన పక్కకి జరుగుతుంది. అప్పటికే దాని మీదున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు, రెయిలింగ్ పట్టుకుని దాంతోపాటే తిరగొచ్చు.

జెండా చూడండి. నారింజదైతే ఆగాల్సింది కాసేపే. నీలందైతే అరగంట పైనే కావొచ్చు. అప్పుడు పక్కనే ఫెర్రీ నడుపుతారు, డబ్బులక్కర్లేదు.

ఒకప్పుడు దీనికి సుంకం ఉండేది, చెప్పులున్నవాళ్లకే. ఉన్నవాళ్లేమో చెప్పులు విప్పి చేత పట్టుకునేవాళ్లట, లేనివాళ్లు పరువు కోసం అరువు చెప్పులు తొడుక్కునేవాళ్లట! ఇలాంటివి బస్సు కిటికీలోంచి కనబడతాయా, మీరే చెప్పండి.

సరే, పుండా. 1732 నాటి యూదుల ప్రార్థనాలయంలో నేలంతా ఇసుకే. శనివారం వాళ్ల ప్రార్థన రోజు, చూడ్డానికి వెళ్లకండి. భోజనానికి ప్లాసా బ్యూ అనే పాత సంతకి వెళ్లండి. మధ్యాహ్నం దాటితే గిన్నెలు ఖాళీ. ఫుంచీ అంటే మన మొక్కజొన్న సంకటే. గియాంబో మాత్రం బెండకాయ కనబడింది కదా అని శాకాహారులు మోసపోవద్దు, అందులో చేపలుంటాయి.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్కమాట. మీరు ఫ్లోరిడాలో ఓడెక్కితే, చలికాలంలో అక్కడికంటే కురసావ్ గంట ముందుంటుంది. ఓడ స్థానిక సమయానికి మారి, మీ చేతి గడియారం మారకపోతే, మీరు నాలుగనుకున్నప్పుడు అక్కడ ఐదు. కొన్ని ఓడలు మారవు కూడా. అందుకని దిగే ముందు గుమ్మం దగ్గరున్న సిబ్బందిని ఓడ టైమెంతో అడిగి, గడియారం అక్కడే సరిచేసుకోండి. వెనక్కొచ్చేటప్పుడూ దాటాల్సింది ఆ వంతెనే. నీలం జెండా కోసం ఓ ముప్పావుగంట చేతిలో ఉంచుకోండి.