ఫర్ హానర్ డిఫెన్స్ రివ్యూ: ప్యారీ పిచ్చి తగ్గించుకుంటేనే గెలుస్తారు

హలో ఫ్రెండ్స్, వెల్‌కమ్. ఈ రోజు గేమ్ ఫర్ హానర్, కత్తులు పట్టుకుని ఎదురెదురుగా కొట్టుకునే గేమ్. యుబిసాఫ్ట్ మాంట్రియల్ 2017 ఫిబ్రవరి 14న వదిలింది. కథ, స్కిన్‌లు, గ్రాఫిక్స్ జోలికి ఈ వీడియోలో వెళ్లను. డ్యుయల్ మోడ్‌లో, అంటే ఒకరికి ఒకరు, ముందు మూడు రౌండ్లు కొట్టినవాడే విన్నర్ అయ్యే మోడ్‌లో, డిఫెన్స్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బ తింటాం అన్నదే రివ్యూ.

బేసిక్స్ గబగబా చెప్పేస్తా. బటన్ల పేర్లన్నీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌వి. ఎల్‌2 నొక్కి ఎదుటివాణ్ణి లాక్ చేస్తే మీ కత్తికి మూడే దిక్కులు: పైన, ఎడమ, కుడి. దెబ్బ వస్తున్న వైపు ఎర్ర గుర్తు వెలుగుతుంది. రైట్ స్టిక్ అటు తోస్తే బ్లాక్ అయిపోతుంది. వేరే బటన్ అక్కర్లేదు. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు: "వాడి కుడి అంటే నాకు ఎడమ కదా" అని లెక్కలు వేస్తుంటారు. ఆ లెక్క వద్దు. స్క్రీన్ మీద ఎరుపు ఎటుంటే స్టిక్ అటు, అంతే.

ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చింది, బ్లాక్‌కి స్టామినా, అంటే మన ఓపిక మీటర్, ఖర్చు లేకపోవడం. షివల్రీ 2 అనే ఇంకో కత్తియుద్ధం గేమ్‌లో బ్లాక్ పట్టుకుని కూర్చుంటే స్టామినా కరిగిపోతుంది. ఇక్కడ అలా కాదు, కొట్టేవాడికే ఖర్చు. వాడు వరసగా ఊపుతూ పోతే స్టామినా అయిపోయి వాడి స్క్రీన్ బూడిద రంగుకి మారుతుంది, చెయ్యి నెమ్మదిస్తుంది. మీరు ఓపిగ్గా ఆపుతూ ఉంటే చాలు. హెవీ, అంటే నెమ్మదిగా వచ్చే బలమైన దెబ్బని ఆపినా ప్రాణం కొంచెం తగ్గుతుంది, కానీ తిన్నదానితో పోలిస్తే అది చిల్లర.

మరి ఇంత సులువైతే అందరూ లైట్ ఎటాక్‌లకి, అంటే వేగంగా వచ్చే చిన్న దెబ్బలకి, ఎందుకు పడిపోతున్నారు? లెక్క చూడండి. లైట్ దెబ్బ సాధారణంగా అర సెకను అటూఇటూ, అంటే 500 మిల్లీసెకన్లు. కంటికి కనపడి చెయ్యి కదలడానికి మనిషికి దాదాపు 250 పోతుంది. గార్డ్, అంటే మీ కత్తి కాపు, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారడానికి ఇంకో 100. మిగిలింది 150. ఇప్పుడు గేమ్ మోడ్ ఆన్ చేయని టీవీ మీద ఆడితే అదొక్కటే 100 దాకా తినేస్తుంది, దాని మీద పింగ్, అంటే నెట్ ఆలస్యం. ఇక మిగిలింది గోవిందా. కాబట్టి ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, వైఫై వదిలి కేబుల్ పెట్టండి. పాత పీఎస్4లో ఇది సెకనుకి 30 ఫ్రేమ్‌లే. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 2020 డిసెంబర్‌లో 60 వచ్చింది. డిఫెన్స్‌కి ఆ తేడా చేతికి తెలుస్తుంది.

మెషీన్ సరిచేశాక కూడా లైట్‌లన్నీ చూసి ఆపలేరు. కొన్ని ఊహించాలి. అవతలివాడు మొదటి లైట్ ఎక్కువగా ఏ వైపు నుంచి తీస్తున్నాడో మొదటి రౌండ్‌లో గమనించండి, ఖాళీగా ఉన్నప్పుడు గార్డ్ అక్కడే పెట్టి ఉంచండి. అప్పుడు మీరు రియాక్ట్ అవ్వాల్సింది మిగతా రెండు వైపులకే.

ఇక ప్యారీ, అంటే దెబ్బని ఆపడమే కాకుండా తిప్పికొట్టడం. టైటిల్‌లో తిట్టింది దీన్నే. దెబ్బ వచ్చే వైపు గార్డ్ పెట్టి, తగలబోయే ముందు హెవీ బటన్, అంటే ఆర్‌2, నొక్కాలి. దెబ్బ తగలడానికి 300 మిల్లీసెకన్ల ముందు నుంచి 100 ముందు వరకు ఉన్న వ్యవధిలో నొక్కితేనే పడుతుంది. గుర్తు వెలగగానే నొక్కేస్తే, ముఖ్యంగా హెవీ మీద, తొందరైపోతుంది. ప్యారీ పడితే లాభం పెద్దదే: లైట్‌ని ప్యారీ చేస్తే హెవీ గ్యారంటీ, హెవీని ప్యారీ చేస్తే లైట్ గ్యారంటీ. వాడి స్టామినా కూడా పోతుంది.

అయితే ప్యారీ కోసం నొక్కింది హెవీ బటన్ కదా. వాడు హెవీ మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే, అంటే ఫెయింట్ చేస్తే, మీ చేతిలోంచి నిజంగానే హెవీ బయటికొస్తుంది. కబడ్డీలో రైడర్ ఒక పక్కకి వంగినట్టు చేసి రెండో పక్క చెయ్యి తగిలించినట్టు, ఇప్పుడు వాడు మీ హెవీని ప్యారీ చేస్తాడు, లేదా గార్డ్‌బ్రేక్ (మీ కాపుని దాటి పట్టుకునే ఎత్తు) వేసి పట్టుకుంటాడు. హెవీ ఎత్తుతున్న మొదట్లో పట్టుకుంటే మీరు విడిపించుకోలేరు. ప్యారీ బాగా నేర్చుకున్నవాళ్లే ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడ. మందు ఏంటంటే, రౌండ్‌లో మొదటి రెండు మూడు హెవీలు ఊరికే బ్లాక్ చేయండి. వాడు ఫెయింట్ చేసే రకమా కాదా తేలిపోతుంది. చేసే రకమైతే బ్లాక్‌తోనే ఉండండి, వాడి స్టామినానే కరుగుతుంది. ప్యారీకి నొక్కాక ఫెయింట్ అని తెలిస్తే వెంటనే సర్కిల్ కొట్టి మీ హెవీని కూడా రద్దు చేసుకోండి.

నారింజ రంగు గుర్తు వస్తే బ్లాక్ పనిచేయదు. అందులో రెండు రకాలు, కలిపేసుకోకండి. ఆయుధంతో వచ్చే అన్‌బ్లాకబుల్‌ని ప్యారీ చేయొచ్చు, తప్పించుకోవచ్చు. భుజంతోనో డాలుతోనో గుద్దే బ్యాష్‌కి మాత్రం ప్యారీ లేదు, డాడ్జ్, అంటే గెంతి తప్పుకోవడం, ఒక్కటే. ఉదాహరణకి వార్డెన్ అనే హీరో భుజం బ్యాష్. దాన్ని వాడు ఎక్కువసేపు పట్టి వదలొచ్చు, మధ్యలో ఆపి గార్డ్‌బ్రేక్‌కి మార్చొచ్చు. కదలిక చూడగానే కంగారుగా డాడ్జ్ చేస్తే ఆలస్యంగా వదిలి గుద్దుతాడు, లేదా డాడ్జ్ చివర్లో పట్టుకుంటాడు. డాడ్జ్ ఆలస్యం చేయండి. అసలు కదలకుండా నిలబడితే గార్డ్‌బ్రేక్‌ని కౌంటర్ చేసే ఛాన్స్ అయినా మిగులుతుంది.

గార్డ్‌బ్రేక్ కౌంటర్: వాడి చెయ్యి మీ మీద పడగానే స్క్వేర్ ఒక్కసారి. పదిసార్లు టకటకా కొడితే పనిచేయదు. లోయ అంచున, ముళ్ల గోడ పక్కన నిలబడి ఉంటే ఒక్క మిస్‌తో రౌండ్ పోయినట్టే, ఎందుకంటే పట్టుకున్నాక విసిరేయగలడు. అందుకే బ్లాక్ చేస్తూ వెనక్కి వెనక్కి నడవకండి, వెనకాల ఏముందో మీకు కనపడదు. పక్కకి తిరుగుతూ ఆపండి.

హీరోల, అంటే మనం ఎంచుకునే యోధుల, సంగతి. బ్లాక్‌ మీదే బతకాలనుకుంటే 2019 జనవరిలో వచ్చిన బ్లాక్ ప్రయర్ (Black Prior) అనే హీరోని చూడండి. బుల్వార్క్ స్టాన్స్‌లో డాలు ఎత్తితే మూడు వైపులా కాపు, సమయానికి కౌంటర్ కొడితే అన్‌బ్లాకబుల్‌ని కూడా తిప్పి పడేస్తాడు. కానీ డాలు వెనక దాక్కుని కూర్చుంటే గార్డ్‌బ్రేక్ వచ్చి పట్టుకుంటుంది. ఒరోచీ, పీస్‌కీపర్ లాంటివాళ్లకి డిఫ్లెక్ట్ ఉంది: దెబ్బ వచ్చే వైపుకే ఆఖరి క్షణంలో డాడ్జ్. చూడ్డానికి సూపర్, కొత్తవాళ్లకి సిఫార్సు చేయను.

గేమ్ మీద నా కంప్లైంట్ ఒకటే. ట్యుటోరియల్‌లో ప్యారీ నేర్పినంత శ్రద్ధగా, ప్యారీ ఎప్పుడు చేయకూడదో నేర్పదు. మొదట్లో ప్లేయర్ల మధ్య నేరుగా కనెక్షన్ ఉండేది, 2018లో డెడికేటెడ్ సర్వర్లు (గేమ్‌కే ప్రత్యేకంగా పెట్టిన సర్వర్లు) వచ్చాక కనెక్షన్ గోల తగ్గింది. డిఫెన్స్ సిస్టమ్‌కి పదికి ఎనిమిదిన్నర ఇస్తా.

ప్రాక్టీస్ ట్రైనింగ్ ఎరీనాలో చేయండి, అక్కడ బాట్ (కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థి) ఏ దెబ్బ కొట్టాలో మీరే సెట్ చేయొచ్చు. మొదటి పది నిమిషాలు లైట్‌లు మాత్రమే, బ్లాక్ మాత్రమే, ఆర్‌2 మీద వేలు తీసేసి. తర్వాత హెవీతో పాటు ఫెయింట్ కూడా కలపండి, నిజంగా తగలబోయే హెవీనే ప్యారీ చేయండి. ఫెయింట్‌కి మీ వేలు ఆర్‌2 మీద కదిలిన ప్రతిసారీ లెక్కపెట్టుకోండి. ఇరవై హెవీలకి ఆ లెక్క మూడు దాటకపోతే అప్పుడు డ్యుయల్ క్యూలోకి వెళ్లండి.