బిగుసుకున్న కాలి గొలుసు

నమస్కారం. చంద్రగిరి, పాకాల వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతి వచ్చిన అంగన్‌వాడీ కార్యకర్తలు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే వైద్య పరిభాషతో కాక, ఒక కాలి గొలుసుతో మొదలుపెడతాను.

ఏడాదిన్నర పాప. గొలుసు బిగుసుకుపోయి చీలమండ దగ్గర గాడి పడింది. ‘బిడ్డ ఒళ్లు చేసింది’ అని నాయనమ్మ మురిసిపోతోంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో అదిమి తీశాను. గుంట అలాగే నిలిచిపోయింది. అది కండ కాదు, నీరు.

పిల్లలకు నీరు పడితే మేము ముందు మూత్రపిండాలను అనుమానిస్తాం. చాలాసార్లు అదే నిజం కూడా. ఈ పాప మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదు, కాలేయం బాగానే ఉంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం రక్తంలో డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గకూడనిది, 1.8కి పడిపోయింది. మరి ఎటు పోతున్నట్టు? అప్పుడు గానీ విరేచనాల సంగతి అడగలేదు నేను. నెలల తరబడి రోజుకు ఐదారుసార్లట. ‘పళ్లు వస్తున్నాయి కదా డాక్టరు గారూ, అందుకేననుకున్నాం’ అంది తల్లి.

తిన్న కొవ్వులో ఎక్కువ భాగం చిన్నపేగు గోడలో లింఫ్ అనే ద్రవాన్ని మోసే సన్నని నాళాల గుండా ఒంట్లోకి చేరుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ నాళాలు సరిగా ఏర్పడవు. అవి ఉబ్బి, పాలవంటి ద్రవం పేగులోకి కారిపోతుంది. దాంతో పాటే ప్రొటీన్లూ, రోగనిరోధక కణాలూ పోతాయి. ఇంటెస్టైనల్ లింఫాంజియెక్టేసియా అనే ఈ అరుదైన జబ్బును 1961లో వాల్డ్‌మన్ అనే వైద్యుడి బృందం వర్ణించింది. ఎక్కువగా మూడేళ్లలోపే బయటపడుతుంది. ఎండోస్కోపీలో పేగు గోడ మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే నిర్ధారణ అవుతుంది.

చికిత్స చాలావరకు వంటింట్లోనే. మామూలు నూనె, నెయ్యి బాగా తగ్గించాలి. ఇడ్లీకి వేరుశెనగ చట్నీ, పోపుకు వేరుశెనగ నూనె వాడే మన జిల్లాలో ఇది చెప్పినంత తేలిక కాదు. బదులుగా ఎంసీటీ, అంటే మధ్యస్థ గొలుసు కొవ్వులున్న నూనె ఇస్తాం. దాని కొవ్వు లింఫ్ దారి పట్టకుండా రక్తంలో కలిసి నేరుగా కాలేయానికి వెళుతుంది. ‘కొబ్బరినూనె వాడితే సరిపోదా?’ అని అడుగుతారు. సరిపోదు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వే, దానిలో చాలా భాగం మళ్లీ లింఫ్ దారినే పోతుంది. ప్రొటీన్ దండిగా, ఎ, డి, ఇ, కె విటమిన్లు విడిగా ఇవ్వాలి. అయితే విరేచనాలున్న ప్రతి బిడ్డకూ మీ అంతట మీరే నూనె మాన్పించకండి. ఎదిగే పిల్లలకు కొవ్వు కావాలి.

ఆ పాపకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. కొండ నుంచి లడ్డూ వస్తే నాయనమ్మ అందులోంచి కలకండ పలుకు ఏరి, నెయ్యి లేకుండా కొంగుతో తుడిచి, పాప నోట్లో పెడుతుందట. నాకేమీ అభ్యంతరం లేదు.