డాబా ఎక్కితే కనిపించే ఊరు

(ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి ఫొటోగ్రాఫర్లకు, కెమెరా పట్టుకొని ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ముప్పై ఏండ్లుగా ఈ ఊళ్లో పెళ్లిళ్లు తీస్తున్న నన్ను హాంకాంగ్ గురించి చెప్పమన్నారు. నేను అక్కడ ఉన్నది పదకొండు రోజులు. అంతకాలంలో ఒక మహానగరం ఎవరికీ అర్థం కాదు. కాబట్టి అక్కడి డాబాల మీద గడిపిన సాయంత్రాల సంగతే చెబుతాను. చెప్పి, మన ఊరికి వస్తాను. అసలు నేను మాట్లాడాలనుకున్నది మన ఊరి గురించే.

2018 ఏప్రిల్‌లో మా అక్క కొడుకు టికెట్ పంపి రమ్మన్నాడు. వాడికి అక్కడ ఉద్యోగం. విమానాశ్రయం నుంచి వస్తుంటే నా మెడ కిందికి దిగలేదు. ఆ నగరం అంత ఎత్తుకు ఎందుకు పోయిందో తర్వాత తెలిసింది. మొత్తం విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు, అందులో కట్టడాలున్నది పావు వంతే. మిగిలినదంతా నిటారు గుట్టలు, అడవి. 75 లక్షల మంది జనం. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు సముద్రం. పక్కకు జరిగే జాగా లేక పైకి జరిగారు. 150 మీటర్లు దాటిన భవనాలే 500కు పైగా ఉన్నాయి.

అందరిలాగే నేనూ ముందు విక్టోరియా పీక్ ఎక్కాను. 552 మీటర్ల కొండ. మనం క్యాలెండర్లలో చూసే హాంకాంగ్ అంతా అక్కడి నుంచి తీసిందే. ఆ రోజు నాకు కనిపించింది తెల్లటి మంచు, అంతే. ఆ కాలంలో సముద్రం మీది నుంచి తడిగాలి వచ్చి కొండలను, భవనాల తలలను కప్పేస్తుంది. 412 మీటర్ల ఐఎఫ్‌సీ టవర్ సగం దాకా ఉండి, ఆ పైన మాయమైంది. మరునాడు మళ్లీ పోయాను, మళ్లీ అదే. అప్పుడు మా అల్లుడు అన్నాడు: "మామా, పైకెక్కితే కనపడకపోతే కిందికే దిగుదాం. నాకు తెలిసినాయన ఒకాయన శామ్ షూయి పో అనే పేటలో ఉంటడు. ఎనిమిదంతస్తుల పాత బిల్డింగ్. లిఫ్ట్ లేదు, ఎక్కుతవా?"

ఎక్కాను. ట్రైపాడ్ భుజాన వేసుకొని, ప్రతి రెండంతస్తులకూ ఒకసారి ఆగి ఎక్కాను.

ఆ డాబా గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఏమనుకోకండి. తలుపు తెరవగానే వెదురు గెడల మీద ఆరేసిన బట్టలు. చేప ముల్లు ఆకారంలో పాత టీవీ యాంటెన్నాలు, ఇరవై ముప్పై ఉంటాయి, తుప్పు పట్టి ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి. రేకులతో కట్టిన ఒక చిన్న గది. పూల కుండీలు. పిట్టగోడ దగ్గర ఒక పెద్దామె వెదురు చాటలో నారింజ తొక్కలు ఎండబెడుతున్నది. వాళ్లు ఆ తొక్కలను ఏండ్ల తరబడి దాచి వంటలో, మందులో వాడతారట. ఆమె ఒక్కొక్క తొక్కనూ వేలితో తిరగేస్తుంటే నాకు మా అమ్మ డాబా మీద ఎండు మిరపకాయలు తిరగేయడం గుర్తుకొచ్చింది. నా ట్రైపాడ్ చూసి, ఏమీ అడగకుండానే చాట పక్కకు జరిపి జాగా ఇచ్చింది.

తల పైకెత్తి చూస్తే చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల భవనాలు. వాటి మధ్యలో మేం బావి అడుగున ఉన్నట్టున్నాం. తర్వాత ఒకరోజు ఐసీసీ అనే 484 మీటర్ల భవనంలో నూరో అంతస్తుకు కూడా పోయాను. అక్కడి నుంచి ఊరు గోడకు తగిలించిన పటంలాగా ఉంది. ఎక్కడా మనిషి లేడు. ఎనిమిదో అంతస్తు మీద అలా కాదు. ఎదురింట్లో పొయ్యి వెలిగించడం కనిపిస్తుంది, ఏసీ డబ్బా మీద ఆరేసిన పిల్లవాడి బూట్లు కనిపిస్తాయి. ఎత్తు ఎక్కువైన కొద్దీ ఫొటో గొప్పదవుతుందన్న భ్రమ నాకు అక్కడ పోయింది. ఇక్కడొక మాట: కనిపిస్తున్నాయి కదా అని ఎవరి కిటికీలోకీ నేను పెద్ద లెన్సు పెట్టలేదు. మీరూ పెట్టకండి.

మొదటి సాయంత్రం మాత్రం వృథా అయింది. అప్పటిదాకా ఏసీ గదిలో ఉన్న కెమెరాను డాబా మీద బయటికి తీయగానే లెన్సు మీద, లోపలి అద్దం మీద ఆవిరి కమ్మింది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. అది పోయేసరికి ఆకాశం నల్లబడింది. మరునాటి నుంచి బ్యాగు మూసి ఉంచి, అరగంట ముందే డాబా మీద పెట్టాను. మన దగ్గర వానాకాలంలోనూ ఈ పని చేసి చూడండి.

అరగంట అని ఎందుకంటున్నానంటే, పొద్దుగూకినాక మనకు దొరికే నీలి వెలుతురు అంతకన్నా తక్కువ. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊళ్లలో సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు, ఆగడు. హాంకాంగ్ 22 డిగ్రీల ఉత్తరాన ఉంది, మనం 18 డిగ్రీల దగ్గర ఉన్నాం. రెండు చోట్లా 23 నిమిషాలకు అటూ ఇటూ. అందులోనూ ఆకాశపు నీలం, కిటికీల పసుపు సమానంగా తూగేది ఏడెనిమిది నిమిషాలే. కెమెరా స్పందన ఐఎస్‌ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్ 8 పెట్టుకుంటే మొదట్లో ఒక సెకను తెరిస్తే చాలేది, చివరికి పదిహేను సెకన్లు కావాల్సి వచ్చేది. అంతసేపు తెరిచినప్పుడు డాబా మీద నీళ్ల మోటారు నడిచినా ఫొటో వణుకుతుంది. మోటారు ఆగేదాకా ఊరుకోవడమే మందు.

మమ్మల్ని తీసుకుపోయినాయన అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆయన చిన్నప్పుడు కై టాక్ విమానాశ్రయం ఊరి నడిమధ్యనే ఉండేది. 1998 జూలైలో దాన్ని మూసేశారు. అప్పటిదాకా విమానాలు ఇండ్ల మీదుగా వచ్చి, గుట్టకు వేసిన ఎర్ర తెల్ల గళ్ల గుర్తును చూసి పైలట్లు కుడికి తిప్పి దించేవారట. విమానాలు అంత కిందుగా వచ్చేవి కాబట్టే ఈ డాబా ఉన్న కౌలూన్ వైపు ఎత్తయిన భవనాలు కట్టనిచ్చేవారు కాదు. విమానాశ్రయం పోయింది, భవనాలు లేచాయి. "ఈ పిట్టగోడ మీద కూర్చుంటే సముద్రం కనిపించేది" అన్నాడాయన. ఆ దిక్కు చూశాను. గోడ. గోడ వెనక ఇంకో గోడ.

ఫొటో ఏమైనా ఉందా అని అడిగించాను. లేదన్నాడు. రోజూ కనిపించేదాన్ని ఎవరు తీస్తారు?

ఆ మాట నాతోపాటు హనుమకొండ దాకా వచ్చింది. ఇంటికి రాగానే నెగటివ్‌ల రేకు డబ్బా తీసి మూడు రోజులు వెతికాను. 1994 ఎండాకాలం ఫ్రేము ఒకటి దొరికింది. మా అమ్మ మా డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నది. ఫిలిం రోల్ చివర మిగిలిందని ఊరికే నొక్కిన ఫొటో అది. అమ్మ వెనక పద్మాక్షి గుట్ట మొత్తం ఉంది. ఎడమ పక్క భద్రకాళి చెరువు నీళ్లు సన్నటి గీతలా మెరుస్తున్నాయి. ఇప్పుడు అదే చోట నిలబడితే ఐదంతస్తుల అపార్టుమెంటు వెనక గోడ, దాని పైపులు కనిపిస్తాయి. ఆ అపార్టుమెంటు మీద నాకు కోపం లేదు, అందులో ఉన్నవాళ్లకూ ఇల్లు కావాలి. నా బాధంతా నడుమ ఉన్న ఇరవై నాలుగేండ్లలో అక్కడి నుంచి ఇంకొక్క ఫొటో కూడా నేను తీయలేదని. వేల పెళ్లిళ్లు తీశాను. మా డాబా మీది నుంచి కనిపించే ఊరిని తీయలేదు.

వరంగల్ ఇప్పుడే పైకి లేస్తున్నది. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తులుగా తలపెట్టిన ఆసుపత్రి మన కండ్ల ముందే పెరిగింది. మన పిల్లలు ఇంకా ఎత్తయినవి చూస్తారు. 1163 నాటి వేయిస్తంభాల గుడి ఫొటోలు లక్షలుంటాయి, ఖిలా వరంగల్ తోరణాల ఫొటోలు అంతకన్నా ఎక్కువుంటాయి. ఆ గుడి చుట్టూ ఉన్న డాబాల మీది నుంచి ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం ఊరెలా ఉందో చెప్పే ఫొటోలు మనలో ఎంతమంది దగ్గర ఉన్నాయి? ఖిలాలోని ఏకశిల గుట్ట, గోవిందరాజుల గుట్ట, మీ సొంత డాబా, ఏదైనా సరే. ఒక చోటు పట్టుకోండి. నేలమీద గుర్తు పెట్టండి. లెన్సు, కెమెరా ఎత్తు, తేదీ, సమయం నోటుబుక్కులో రాయండి. వచ్చే ఏడు అదే రోజు అక్కడే నిలబడండి.

పిల్లలకొక మాట, దీన్ని తేలికగా తీసుకోకండి. 2023 జూలైలో హాంకాంగ్‌లోనే, ఎత్తయిన భవనాలెక్కి ఫొటోలు తీసే ఒక ఫ్రెంచి యువకుడు ఒక నివాస భవనం మీది నుంచి పడి చనిపోయాడు. ముప్పై ఏండ్ల మనిషి. ఇంటాయనను అడిగి ఎక్కండి. పిట్టగోడ మీదికి ఎక్కకండి. కెమెరా పట్టీ మెడలో ఉండాలి, గోడ అవతలికి చెయ్యి చాచి లెన్సు మార్చకూడదు. పైనుంచి జారిన చిన్న ఫిల్టరు కూడా కింద నడిచేవాళ్ల తల పగలగొడుతుంది.

నేను 2019 నుంచి ప్రతి సంక్రాంతికి, పొద్దుగూకినాక పది నిమిషాలకు మా డాబా మీది నుంచి ఒక ఫొటో తీస్తున్నాను. అమ్మ మిరపకాయలు పోసిన చోటనే ఎర్ర పెయింటుతో మూడు చుక్కలు పెట్టాను, ట్రైపాడ్ కాళ్లు వాటి మీదికి రావాలి. పోయిన ఏడాది నుంచి మెట్లెక్కుతుంటే మోకాళ్లు నొస్తున్నాయి. మీలో ఎవరైనా ఈ పని అందుకుంటానంటే రండి. డాబా తాళం చెవి మా ఇంటి కింద కిరాణా కొట్లో ఉంటుంది, అడిగితే ఇస్తారు.