పందుల కొట్టానికి రెడీమేడ్ ఇనుప ప్యానెళ్ళు: రెండు నెలలు వాడినాక నా మాట

నమస్తే అన్నలూ, అక్కలూ. చంద్రగిరి దగ్గర మన తోటలోంచే మాట్లాడతా ఉండా. ఈ ప్యానెళ్ళు, గేటు అన్నీ కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపించినారు, డబ్బులైతే తీసుకోలా, అది ముందే చెప్తా ఉండా. కొలతలు, ఇనుము మందం, రేటు ఇక్కడ చదవను.

నాకు కోపమొచ్చింది ఒక్కదానికే, ఇదిగో ఈ కింద సందు. నేలకీ కింది పైపుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరతాయి. పంది కంచెని ఊరికే ముందుకు తోసేది కాదన్నా, ముట్టె కింద పెట్టి పైకి లేపుతుంది, బలమంతా మెడలోనే ఉంటుంది. నిలబెట్టిన పదో రోజుకే 30 కిలోల పిల్లలు ఎనిమిదీ కలిసి ఈ మూల ప్యానెల్ని పెకిలించేసినాయి, తెల్లారి వచ్చి చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే 2019లో రాతి కూసాలు నాటి ముళ్ళకంచె వేసుకున్నప్పుడు కూడా ఇట్టే కింద తవ్వుకోని పోయి పక్క చేన్లో చెనిక్కాయంతా పెల్లగించేసినాయి. ఆ చేను పెద్దాయన ఒక్క మాట అనలేదు గానీ ఆయన మొహం ఇప్పటికీ మర్చిపోలా.

గేటూ అంతే. గేటు తగిలించే రెండు పిన్నులూ పైకే చూస్తా ఉన్నాయి, ముట్టెతో ఎత్తితే గేటు ఊడొచ్చేస్తుంది. వెల్డింగాయన్ని పిలిపించి పై పిన్ను తిరగేసి కిందికి చూసేట్టు పెట్టించినా, ఇప్పుడు ఎంత లేపినా రాదు. చిన్న పని, ఫ్యాక్టరీలోనే చేసి పంపొచ్చు కదండీ!

కింద సందుకి మాత్రం రెండు వరసలు సిమెంట్ ఇటుకలు కట్టి, దానిమీద ప్యానెళ్ళు బోల్టులేసి బిగించినా. అప్పుడు నిలబడింది. నేలకి కడప బండలు వేద్దామనుకుంటారేమో, వద్దు, తడిస్తే గిట్టలు జారతాయి, పోయినసారి ఒకదానికి కాలు బెణికి నెల రోజులు కుంటింది. కాంక్రీటే వేసి, ఆరకముందే చీపురుతో గీతలు లాగి, కాలవ వైపు కొంచెం వాలు పెట్టండి. అమ్మే సైజుకొచ్చేసరికి ఒక్కోదానికి 10 నుంచి 12 చదరపు అడుగులన్నా ఉండాల.

ఎండ సంగతి మీకు తెలుసు. పందికి చెమట సరిగ్గా పట్టదు, మనవి యార్క్‌షైర్ అనే సీమ జాతి క్రాసు, తెల్లవి, తోలు కూడా మాడిపోతుంది. కొట్టం పొడుగు తూర్పు పడమరగా పెట్టి, రేకు మీద కొబ్బరి మట్టలు పరిచి, మధ్యాహ్నం నీళ్ళు చల్లతా ఉండా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళని ఒకసారి అడగండి, పందుల మీద ఆడ పరిశోధన నడస్తా ఉంది.

బాగున్నది కూడా చెప్పాల. కడగడానికి ఈ ఇనుము శానా సుఖం, కర్ర దడికైతే పేడ సందుల్లో ఇరుక్కుంటుంది. పందుల్ని చంపేసే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మన దగ్గర టీకా లేదు, కడుక్కోవడం, బయటోళ్ళని రానీకపోవడం, హోటల్ ఎంగిలి బాగా ఉడకబెట్టి పెట్టడం, ఇవే మన చేతుల్లో ఉండేవి.

కింద ఇటుక గోడ కట్టుకునేవాళ్ళయితే కొనండి. నేరుగా నేలమీద నిలబెట్టేదానికైతే కొనద్దు, డబ్బులు దండగ. కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి ఇదే చెప్పినా, కింద ఇంకో పైపు వేసి, పిన్ను తిప్పి పంపిస్తే మళ్ళీ ఇదే మూలలో, ఇవే పందుల ముందర నిలబెట్టి మీకు చూపిస్తా.