ముగ్గు ఎందుకు పడలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలి గానీ, ముందు మాట్లాడినవాళ్ళు ఆ పని రెండుసార్లు చేసేశారు. కొత్త కంప్యూటర్ గది గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. గది బాగుంది. ఏసీ కూడా పెట్టారు. ఇక ఈ బల్ల మీది పాత పెట్టె సంగతి చెప్పనివ్వండి.

ఇది బీబీసీ మైక్రో అనే కంప్యూటర్. ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ 1981లో తెచ్చింది. మన బడులకు 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద, అంటే బడుల్లో కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ పథకం కింద వచ్చింది. ఇందులో మోడల్ ఎ, మోడల్ బి అని రెండు. బోర్డు ఒకటే. ఎ లో కొన్ని సాకెట్లు ఖాళీగా ఉంటాయి, మెమరీ 16 కేబీ. బి లో 32. కేబీ అంటున్నాను, వెనక నవ్వుతున్న బాబూ, జీబీ కాదు! తెర మీద బొమ్మ ఎలా పడాలో చెప్పేది మోడ్; రంగులన్నీ కావాలంటే మోడ్ 2 పెట్టాలి. దానికి తెర ఒక్కటే 20 కేబీ తినేస్తుంది, అందుకే ఎ లో ఆ మోడ్ ఊసే లేదు. మనది బి.

1987లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దీని మీద సంక్రాంతి ముగ్గు వేసింది. 15 చుక్కలు, సందు చుక్క 8 దాకా. ప్రోగ్రాం ఆరున్నర కేబీ. క్యాసెట్ నుంచి ఎక్కించి రన్ కొడితే చుక్క తర్వాత చుక్క పడుతుంటే స్టాఫ్‌రూమంతా వచ్చి చూసింది.

ఇన్‌స్పెక్షన్ ముందు రోజు ఫ్లాపీ డ్రైవు వచ్చింది. ఒక వైపు 100 కేబీ, చిటికెలో లోడింగ్. నా సంబరం చూడాలి! ముగ్గును ఫ్లాపీలోకి ఎక్కించాను. మర్నాడు అందరి ముందూ రన్ కొడితే తెర మీద 'బ్యాడ్ మోడ్' అని పడింది. పదో లైను దగ్గర. "మోడ్ తప్పు కొట్టావమ్మా" అన్నాను. అవును, నేనే అన్నాను. ఆ పిల్ల "లేదు మాస్టారూ, నిన్న వచ్చింది" అంది. బహుమతి ఇంకొకరికి వెళ్ళింది.

తప్పు ఆమెది కాదు. తెరకు 20, సిస్టమ్‌కు మూడున్నర పోగా 32లో మిగిలేది ఎనిమిదిన్నర. డిస్క్ తగిలిస్తే దాని సొంత అవసరానికి ఇంకో 2.75 కేబీ పట్టుకుంటుంది. మిగిలింది 5.75. ఆరున్నర అందులో ఎలా పడుతుంది? చోటు చాలకే అది 'బ్యాడ్ మోడ్' అంది. నిల్వ పెంచుకుంటే పని చేసుకునే చోటు తగ్గింది. దీని తర్వాతి మోడల్, 1986లో వచ్చిన మాస్టర్ 128లో ఈ బాధ తీసేశారు, కానీ మన బడికి అది రాలేదు. ఈ లెక్క నాకు తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది. అప్పటికి ఆమె బడి వదిలేసింది.

ఆమె ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తక్కర్లేదు. అమ్మా, నన్ను క్షమించు.

ఈమధ్య మన పూర్వ విద్యార్థి ఒకతను దీనికి ఎస్‌డీ కార్డు బిగించాడు. గొప్ప పనే. పేజ్, అంటే మెమరీలో ప్రోగ్రాం మొదలయ్యే చోటు, ఎంతో అడిగి చూశాను, పాత డిస్కు రోజుల్లోలాగే 1900 చూపించింది. అంటే ఆ 2.75 కేబీ మళ్ళీ పోయినట్టే. అందుకని కార్డు వద్దు. స్టార్ టేప్ అని కొట్టి క్యాసెట్‌కు మార్చాను, పేజ్‌ను డిస్కు లేనప్పటి ఈ-సున్నా-సున్నాకు దించాను. ఇదిగో, ఆమె క్యాసెట్. ఇన్నేళ్ళూ నా బీరువాలోనే ఉంది. ఎక్కడానికి నిమిషం పైన పడుతుంది. కాస్త ఆ ఫ్యాన్లు ఆపండి, క్యాసెట్ కూత వినిపించాలి.